సైకిల్ తొక్కే ఆడవాళ్లను కడుపునిండా తిననివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం మీ అనుబంధంలో సైక్లింగ్ మీద వచ్చిన పేజీ చదివాను. ఆడవాళ్ల ఫొటోలు వేసినందుకు సంతోషం. అయితే పేజీ మొత్తం ఎన్ని కిలోలు తగ్గొచ్చు అన్న ఒక్క మాట చుట్టూనే తిరిగింది. పరగడుపున తొక్కితే కొవ్వు త్వరగా కరుగుతుందని, రాత్రిపూట అన్నం మానేయాలని రాశారు. అచ్చంగా ఆ రెండూ చేసి దెబ్బతిన్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా వయసు 43. విజయవాడలో హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మూడేళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరి, ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి కరకట్ట మీదుగా వెళ్లి బడి టైముకు ఇల్లు చేరతాను. సెలవు రోజుల్లో బ్రెవేలనే దూరపు సైకిల్ ప్రయాణాలకు వెళ్తుంటాను. అవి పందాలు కావు, ఎవరు ముందొచ్చారన్నది ఉండదు. గడువులోగా దూరం పూర్తి చేయాలి, అంతే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40. నాలుగేళ్లకోసారి ఫ్రాన్స్‌లో జరిగే 1,200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు వెళ్లాలన్నా ఈ నాలుగూ పూర్తి చేసి ఉండాలి. మళ్లీ అది 2027లో ఉంది. నా ఆశ అదే.

నా మొదటి 300కు ముందు నాలుగు నెలలు ఎలా తిన్నానో చెబుతాను. ఉత్త టీ తాగి 40 కిలోమీటర్లు తొక్కేదాన్ని. వచ్చాక హడావుడిలో నిలబడే రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం బాక్సులో రెండు పుల్కాలు, కూర. రాత్రి అన్నం బంద్. పైగా మా ఇంట్లోనూ అందరికీ వడ్డించాక గిన్నెలో మిగిలిందే నా కంచంలోకి వచ్చేది. ఆరు కిలోలు తగ్గాను. స్టాఫ్ రూమ్‌లో మెచ్చుకోని వాళ్లు లేరు. జుట్టు ఊడుతోందని, నిద్ర పట్టడం లేదని, రెండు నెలలుగా నెలసరి రాలేదని వాళ్లకేం తెలుసు? నెలసరి సంగతి వయసు వల్లే అనుకుని నేనూ ఊరుకున్నాను.

ఆ 300 ఒంగోలు వెళ్లి రావడం. ఉదయం ఆరింటికి మొదలుపెట్టాను. దారిలో రెండు అరటిపండ్లు, కొన్ని బిస్కెట్లు తిన్నాను, నీళ్లు మాత్రం తెగ తాగాను. తిరుగు దారిలో చిలకలూరిపేట దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. చేతులు వణకడం మొదలైంది, ఒళ్లంతా చల్లబడింది. ఇంకా 78 కిలోమీటర్లు, ఏడున్నర గంటల టైము. గంటకు పదిన్నర కిలోమీటర్లు వెళితే చాలు. ఆ భాగాహారం నాకు తేలలేదు. పందొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను, అలాంటిది ఆ రెండు అంకెలు బుర్రలో నిలవలేదు. టీ బడ్డీ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఎందుకంటే చెప్పలేను.

వెనక వస్తున్న కుర్రాడు ఆగి, తన జేబులోంచి పులిహోర పొట్లం తీసి చేతిలో పెట్టాడు. “మాట్లాడకక్కా, ముందు తిను” అన్నాడు. తర్వాత నాలుగు ఖర్జూరాలు, ఉప్పు వేసిన మజ్జిగ. నలభై నిమిషాలకు నా కళ్లకు రోడ్డు మళ్లీ రోడ్డులా కనిపించింది. గడువుకు పాతిక నిమిషాల ముందు ఇంటి ఊళ్లో దిగాను.

ఇలా ఒంట్లో శక్తి ఒక్కసారిగా అయిపోవడాన్ని సైకిల్ వాళ్లు బాంక్ (bonk) అంటారు. కండరాల్లో, కాలేయంలో కలిపి మనం దాచుకునే పిండిపదార్థం సుమారు 400, 500 గ్రాములే, అంటే దాదాపు 2,000 కేలరీలు. నా బరువుకు గంటకు 400 దాకా ఖర్చవుతుంది. కొవ్వు కొంత సాయం చేసినా ఆ నిల్వ అయిపోతే కాలితో పాటు మెదడూ మొరాయిస్తుంది. పరగడుపున, రాత్రి అన్నం లేకుండా బయల్దేరితే ఆ నిల్వే నిండదు.

ఆ వారం రక్తపరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ 9.6 ఉంది. ఉండాల్సింది 12. తొక్కే శ్రమకు తగ్గ తిండి లేకపోతే నెలసరి ఆగిపోతుందని, ఎముకలు గుల్లబారతాయని డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టిందట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి చోట పొద్దున్నే ఏమీ తినకుండా తొక్కమని ఆడవాళ్లకు చెప్పడం ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి.

ఇప్పుడు నా తిండి మారింది. నాలుగింటికి చక్రకేళి, రాగి జావ. దూరం ఎక్కువైతే రాత్రి పెరుగులో నానబెట్టిన చద్దన్నం, ఉల్లిపాయ. వచ్చిన అరగంటలో పెసరట్టు ఉప్మా, రెండు గుడ్లు. మధ్యాహ్నం, రాత్రి అన్నం, పప్పు, పెరుగు. పాలకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటాను, టీని మాత్రం భోజనానికి గంట దూరంలో పెట్టాను, ఇనుము ఒంటికి పట్టనివ్వదు కాబట్టి. బండి మీద ఉన్నంతసేపూ గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. ఒక అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది. మిగతాది చింతపండు పులిహోర ముద్దలు, పల్లీ చిక్కీ, ఖర్జూరం. పులిహోర అంత బాగా ఇంకేదీ నాకు పడలేదు. పాడవదు, ఉప్పు ఉంటుంది, పదో గంటలో తీపి చూస్తేనే వెగటు పుట్టినప్పుడు నాలుక దాన్నే అడుగుతుంది. గుంటూరు దగ్గర మిరపకాయ బజ్జీలు మాత్రం తిరిగొచ్చేటప్పుడే. నూనె వంట అరగక కడుపులో బరువుగా ఉండిపోతుంది.

పౌడర్ డబ్బాలు కొనమని చాలామంది చెప్పారు. కొనలేదు. రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ పప్పు, గుడ్లు, పెరుగు, ఉడికించిన శనగలతోనే వచ్చేస్తోంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో ప్రొటీన్ పౌడర్ల జోలికి వెళ్లొద్దనే చెప్పింది. ఓఆర్ఎస్ విషయంలో ఒక జాగ్రత్త. మందుల షాపులో దొరికే పెద్ద ప్యాకెట్ లీటరు నీటికి. దాన్ని చిన్న సీసాలో కలుపుకుని తాగేవాళ్లను చూశాను, అది మేలు కన్నా కీడే చేస్తుంది. ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తీపి డబ్బా పానీయాలు వేరే సంగతి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ వాటి మీద ఆ పేరు వాడొద్దంది.

నా బరువు మళ్లీ నాలుగు కిలోలు పెరిగింది. హిమోగ్లోబిన్ 11.8. నెలసరి తిరిగి వస్తోంది. మా అత్తయ్య ఇప్పుడు శనివారం రాత్రి నాకే ముందు వడ్డిస్తున్నారు, పులిహోర తాలింపు కూడా ఆవిడే పెడుతున్నారు.

మీకు నా విన్నపం ఒకటే. ఈసారి సైక్లింగ్ పేజీ వేసినప్పుడు ఆ అమ్మాయిలు ఏం తింటున్నారో, రోడ్డు మీద ఏం మోసుకెళుతున్నారో అడిగి రాయండి. పరగడుపు సలహాను సవరిస్తూ నాలుగు ముక్కలు వేస్తే ఇంకా మేలు. మా స్కూల్లో ఇద్దరు టీచర్లు ఆ పేజీ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకున్నారు.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
విజయవాడ