ఒకే గోడ, రెండు కూలి రేట్లు

సంపాదకుడు గారికి,

బయటి రాష్ట్రాల కూలీల వల్ల తిరుపతిలో మనవాళ్ళకు పని లేకుండా పోతోందని, వాళ్ళను తిప్పి పంపాలని మొన్న మీ పత్రికలో ఒకాయన రాశారు. కొర్లగుంటలో నాకు సిమెంటు, కమ్మీల అంగడి ఉంది. పొద్దున ఆరున్నరకు షట్టర్ ఎత్తేసరికి ఎదురుగా కూలీలు నిలబడి ఉంటారు. ఏర్పేడు, చంద్రగిరి వైపు పల్లెల నుంచి సద్ది క్యారియర్లతో వస్తారు. తొమ్మిది దాటితే ఇంక ఎవరూ పిలవరు. ఉచిత బస్సు వచ్చాక ఆడవాళ్ళకు ఛార్జీ మిగిలింది గానీ, పని దొరికే రోజులు మాత్రం తగ్గాయి. అందుకని ఆ పెద్దమనిషి బాధ అబద్ధమని నేను అనను. ఆయన కోపం ఎవరి మీద పడిందో దాని గురించే ఈ ఉత్తరం.

లెక్క చెబుతాను. మా దగ్గర బేల్దారికి, అంటే తాపీ మేస్త్రీకి రోజుకు 1,100, మాల్ (కలిపిన సిమెంటు) అందించే మనిషికి 750 నడుస్తోంది. మాల్ అందించే పనికే ఒడిశా, బీహార్ కుర్రాళ్ళకు 500, మహా అయితే 550. అదైనా సరిగా చేతికి రాదు. వారానికోసారి బియ్యానికి, కూరగాయలకు కొంత ఇచ్చి, మిగతాది ఊరికి పోయేటప్పుడు చూద్దాం అంటారు. సైటులోనే రేకుల షెడ్డులో పడుకుంటారు కాబట్టి రాత్రి పదకొండుకు లోడు వచ్చినా లేచి బస్తాలు దించాల్సిందే. దానికి వేరే కూలి ఉండదు.

సరే, కూలి ఇంత తగ్గింది కదా, ఇల్లు కట్టించుకునేవాళ్ళకు చదరపు అడుగు రేటు ఏమైనా తగ్గిందా? నా అంగడికి వచ్చే ఓనర్లలో ఒక్కరు కూడా తగ్గిందని చెప్పలేదు. మరి మనిషికి ఆ 200, 250 ఎటు పోతోంది? పైగా అదే 500 చూపించి మనవాళ్ళను బెదిరిస్తారు. "నువ్వు 750 అంటే వాడు 500కే వస్తాడు" అన్నాక, తొమ్మిది దాకా ఎండలో నిలబడ్డ ఆడమనిషి 600కు ఒప్పుకోక ఏం చేస్తుంది?

నేనూ ఒకప్పుడు బయటివాణ్ణే. 2003 నుంచి ఆరేళ్ళు కువైట్‌లో ఇంటి డ్రైవరుగా చేశాను. దిగిన రోజే కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) నా పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టేశాడు. ఇక్కడి ఏజెంటు నెలకు 60 దినార్లు అన్నాడు, అక్కడ చేతికొచ్చింది 45. అడిగితే అకామా (అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి) కొట్టించను పో అన్నాడు కఫీల్. అకామా లేకుంటే రోడ్డు మీద పోలీసు పట్టుకుంటాడు, నోరు మూసుకున్నాను. నాకంటే ముందు ఆ ఇంట్లో ఉన్న శ్రీలంక డ్రైవరు 70 అడిగినందుకే పని పోగొట్టుకున్నాడని తర్వాత తెలిసింది. అతని నోటి కాడ కూడు లాక్కున్నది నేనేనా? నా పాస్‌పోర్టు నా జేబులో ఉండుంటే నేనూ 70 అడిగేవాణ్ణి. 2015లో కువైట్ వాళ్ళు ఇంటి పనివాళ్ళకు చట్టం తెచ్చి, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదన్నారు. మరుసటి ఏడు కనీస జీతం 60 దినార్లన్నారు. ఎంతవరకు జరుగుతోందో అక్కడున్న మనవాళ్ళనే అడగాలి.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, నెల కిందట ఒక కాంట్రాక్టరు పాత బాకీ కట్టడానికి వచ్చాడు. సంచిలోంచి డబ్బు తీస్తుంటే రబ్బరు బ్యాండు వేసిన ఆధార్ కార్డుల కట్ట నా కౌంటరు మీద పడింది. ఏడో ఎనిమిదో ఉంటాయి. పై కార్డు మీద ఒడియా అక్షరాలు, మన తెలుగులాగే గుండ్రంగా. "అడ్వాన్స్ ఇచ్చినా కదన్నా, పారిపోతే?" అని నవ్వాడు. నేనేమీ అనలేదు. నెలకు రెండు లోడ్లు తీసుకునే మనిషి. బిల్లు రాసిచ్చి పంపించాను.

చట్టం లేదా అంటే 1979 నుంచే ఉంది. అదే పని చేసే స్థానికుడికంటే వలస కూలీకి తక్కువ ఇవ్వకూడదని, కాంట్రాక్టరు లైసెన్సు తీసుకుని కూలీకి పాస్‌బుక్ ఇవ్వాలని అందులో ఉండేది. అంగడి పెట్టినప్పటి నుంచి అలాంటి పాస్‌బుక్ నేనొక్కటీ చూడలేదు. 2025 నవంబర్ 21న దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ (కార్మిక చట్టం) వచ్చింది. పాత చట్టం అయిదుగురు వలస కూలీలున్నా వర్తించేది, ఇప్పుడు పదిమంది ఉండాలట. తిరుపతిలో మామూలు ఇల్లు కట్టే ముఠాలో ఉండేదే ఏడెనిమిది మంది.

తిప్పి పంపాలంటే కుదిరే పని కాదు, వాళ్ళూ ఈ దేశపు పౌరులే. కుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనులకు పోయే మనవాళ్ళను రేపు అక్కడివాళ్ళు ఇదే మాట అంటే మనకెలా ఉంటుంది? అయినా మన బేల్దార్ల పిల్లలు తాపీ పట్టడం లేదు, శ్రీసిటీ ఫ్యాక్టరీలకో బెంగళూరుకో పోతున్నారు.

కట్టడం ఖర్చులో ఒక శాతం కార్మిక సెస్సు కింద వసూలు చేస్తున్నారు. ప్లాన్ కాగితాలన్నీ కార్పొరేషన్ దగ్గరే ఉంటాయి. అంటే ఏ వీధిలో ఏ కట్టడం లేస్తోందో ప్రభుత్వానికి తెలుసు. కార్మిక శాఖ వాళ్ళు నెలకు పది సైట్లకు పోయి మూడు ప్రశ్నలు అడిగితే చాలు. నీ కార్డు ఎవరి దగ్గరుంది, నీకు రోజుకెంత, పక్కనున్న మనిషికెంత. సైట్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడం కష్టమంటే నా అంగడికి రండి. ఏ వీధికి ఎన్ని బస్తాలు పోయాయో బిల్లు పుస్తకంలో ఉంది, ఆ కాంట్రాక్టరు పేరుతో సహా చూపిస్తాను.

ఇట్లు,
ఒక సిమెంటు వ్యాపారి,
కొర్లగుంట, తిరుపతి