బాలల దినోత్సవం నాడు మేం పంచిన చేపల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

అర్ధ సంవత్సర పరీక్షల తేదీలు, ముగ్గుల పోటీ వివరాలు వెనక పేజీలో ఉన్నాయి. అవి తర్వాత చూద్దురుగాని, ముందు ఈ ఉత్తరం చదవండి.

నవంబరు 14న బడి ఆవరణలో పెట్టిన సంతలో రింగులాట ఉంది కదా. రింగు సరిగ్గా వేసిన పిల్లలకు పాలిథిన్ కవర్లో నీళ్ళు పోసి, ఒక్కో గోల్డ్‌ఫిష్‌ని బహుమతిగా ఇచ్చాం. పన్నెండు మంది పిల్లలు చేపలు పట్టుకుని మురిసిపోతూ ఇళ్ళకు వెళ్ళారు. ఆ ఆటకు అనుమతి ఇచ్చింది నేనే. కవరు చేతికి ఇచ్చామే గానీ, ఆ చేపని ఎందులో ఉంచాలో, ఏం పెట్టాలో ఒక్క ముక్క చెప్పి పంపలేదు.

మూడు వారాలు తిరక్కుండానే, ఒక సోమవారం ఉదయం ప్రార్థన వేళకు మూడో తరగతి పాప ఒకతి నా గది గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. "మేడమ్, మా బంగారి చచ్చిపోయింది. నేను రోజూ మేత వేశాను. ఎక్కువే వేశాను" అంది. ఆ చివరి మాట దగ్గర నాకు గొంతు పట్టేసింది. (పాప అమ్మానాన్నల అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు రాయడం లేదు.)

ఆ సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాళ్ళు ఆ చేపని ఎంత ప్రేమగా చూసుకున్నారో చూస్తేనే తెలిసింది. కిటికీ పక్కన గుండ్రటి గాజు బౌల్, అడుగున రంగు రాళ్ళు. మున్సిపల్ నీళ్ళు మంచివి కావేమోనని నాయనమ్మ గారు మినరల్ వాటర్ క్యాన్‌లోంచి పోసేవారట. ప్రతి ఆదివారం బౌల్‌నీ రాళ్ళనీ గిన్నెల సబ్బుతో తోమి, నీళ్ళన్నీ మార్చేవారట. పాప పొద్దున ఒక గుప్పెడు, బడి నుంచి రాగానే ఒక గుప్పెడు మేత వేసేది. చివరి రెండు రోజులూ చేప పైకి వచ్చి నోరు తెరిచి మూస్తూ ఉంటే, తనకి ముద్దులు పెడుతోందని మురిసిపోయిందట.

అవి ముద్దులు కావు. ఊపిరాడక పైకొచ్చి తెరిచిన నోరు అది.

ఆ బౌల్‌లో పట్టేది మూడు నాలుగు లీటర్ల నీళ్ళు. చేప తిన్నది అరిగాక వచ్చే అమ్మోనియా ఎక్కువ భాగం మొప్పల గుండానే నీళ్ళలోకి వెళ్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్ళితే అదీ అమ్మోనియానే అవుతుంది. కొద్ది నీళ్ళలో అది త్వరగా పేరుకుపోయి మొప్పల్ని కాల్చేస్తుంది. కంటికి కనపడదు, వాసన రాదు, నీళ్ళు అద్దంలా తేటగానే ఉంటాయి. మనింట్లో ఎంత శుభ్రంగా ఉండే మనిషికైనా ఇది తెలిసే దారి లేదు. చెరువులోనో పాత అక్వేరియంలోనో అయితే రాళ్ళ మీద, ఫిల్టర్ స్పాంజిలో పెరిగే బాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా, మరో రకం బాక్టీరియా ఆ నైట్రైట్‌ని అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ప్రతి ఆదివారం సబ్బుతో తోమడంలో ఆ మేలు చేసే బాక్టీరియా కూడా కొట్టుకుపోయింది. పైగా సబ్బు కాస్త మిగిలినా చేపకి విషమే. క్యాన్ నీళ్ళు మనకి మంచివే గానీ, పేరుకి మినరల్ వాటరైనా చేపకి కావలసిన ఖనిజాలు వాటిలో చాలావరకు ఉండవు.

ఇక మేత. గోల్డ్‌ఫిష్‌కి మనకున్నట్టు జీర్ణాశయం ఉండదు. గొంతులో ఉండే పళ్ళతో నమిలింది నేరుగా పేగులోకి పోతుంది. కడుపు నిండి తినడం ఆపేయడం దానికి అంతగా తెలియదు, మనం కనపడితే చాలు అడుగుతూనే ఉంటుంది. అడిగిందని పెట్టిన పసిదాని తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. ఆ మాట పాపకి ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. చెప్పి పంపాల్సింది మేం, చెప్పలేదు. అందుకు ఆ పాపకీ, చేపలు తీసుకెళ్ళిన మిగతా పదకొండు మంది పిల్లలకీ, మీకూ క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇకమీదట మన బడిలో ఏ ఆటకీ ప్రాణమున్న దాన్ని బహుమతిగా ఇవ్వం.

నా చిన్నప్పుడు మా పెరటి బావిలో చేపలుండేవి. ఎవరూ మేత వేసిన గుర్తు లేదు. దోమ పిల్లల్నీ నాచునీ తింటూ ఏళ్ళ తరబడి బతికాయి. అన్ని నీళ్ళున్న చోట చేపకి మన సాయం అంతగా అక్కర్లేదు, బౌల్‌లో పెట్టాక మాత్రం ప్రతిదానికీ మన మీదే ఆధారపడుతుంది. మత్స్యావతారం కథ మీ పిల్లలకి తెలిసే ఉంటుంది. దోసిట్లోకి వచ్చిన చిన్న చేప కమండలంలో పట్టనంత అయింది, తర్వాత పాత్ర చాల్లేదు, కొలను చాల్లేదు, చివరికి సముద్రంలో వదలాల్సి వచ్చింది. "చోటు చాలడం లేదు" అని ఆ చేప నోరు తెరిచి చెప్పుకుంది. ఇంట్లో చేప చెప్పలేదు. "తొట్టి ఎంతుంటే గోల్డ్‌ఫిష్ అంతే పెరుగుతుంది" అని చాలామంది అంటారు. నిజానికి ఇరుకులో అది గిడసబారిపోతుంది, అంతే. పొడవాటి ఒంటితోక గోల్డ్‌ఫిష్ నీటికుంటలో ఒక అడుగు దాకా పెరగగలదు. ఇంగ్లండ్‌లో 1956లో ఒక పిల్లవాడు, మన పిల్లల్లాగే, సంతలో గెలుచుకున్న టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్ళు బతికి 1999లో చనిపోయింది. అది గిన్నిస్ రికార్డుకెక్కింది. అన్నీ అన్నేళ్ళు బతకవు గానీ, సరిగ్గా చూసుకుంటే పది, పదిహేనేళ్ళు మామూలే. మూడు వారాలు దాని ఆయుష్షు కాదు.

మీ ఇంట్లో చేప ఇంకా ఉంటే, ఈ వారమే బౌల్‌లోంచి మార్చండి. పొట్టిగా, గుండ్రంగా ఉండే జంటతోక రకానికి ఒక్కదానికే కనీసం 75 లీటర్ల తొట్టి కావాలి. ఒంటితోక రకానికి అదీ తాత్కాలికమే. అంత అక్వేరియం వెంటనే కొనలేకపోతే, సబ్బు తగలని పెద్ద ప్లాస్టిక్ టబ్బు గాజు బౌల్ కంటే వెయ్యి రెట్లు మేలు. వెడల్పుగా ఉన్నది చూడండి, గాలి నీళ్ళలో కలిసేది పైభాగం నుంచే. ఫిల్టర్ పగలూ రాత్రీ నడవాలి. మోత వస్తోందని రాత్రిళ్ళు ఆపేయకండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి, చేపల దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపాకే పోయండి. వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు తీసి, అంతే కొత్త నీళ్ళు పోస్తే చాలు. స్పాంజిని కుళాయి కింద కడగకుండా, ఆ తీసిన పాత నీళ్ళలోనే పిండండి. మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేయగలిగినంతే. కోనేటి చేపలకి వేసినట్టు మరమరాలు, రొట్టె ముక్కలు వద్దు. అప్పుడప్పుడు ఉడికించిన పచ్చిబఠాణీ పొట్టు తీసి, చిదిమి పెడితే ఇష్టంగా తింటుంది.

ఎండాకాలం సంగతి ఇప్పుడే చెప్పాలి, అప్పటికి సెలవులొచ్చేస్తాయి. ఇది చల్లటి నీళ్ళ చేప. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగేది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. తొట్టిని ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంచకండి. కరెంటు పోయినా పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉంటే మంచిది.

సంక్రాంతికి ఊరెళ్తే మూడు నాలుగు రోజులు మేత లేకపోయినా ఆరోగ్యంగా ఉన్న చేపకి ఏమీ కాదు. పక్కింటివాళ్ళకి డబ్బా మొత్తం ఇచ్చి వెళ్ళడమే ప్రమాదం. జాలితో గుమ్మరిస్తారు.

పెంచడం మా వల్ల కాదు అనిపిస్తే దయచేసి కాలువలోనో చెరువులోనో వదలకండి. అక్వేరియంల నుంచి బయటపడిన దెయ్యం చేపలు మన చెరువుల్లో పెరిగి, జాలర్ల వలలు చింపుతున్న సంగతి వింటూనే ఉన్నాం. గోల్డ్‌ఫిష్ కూడా అడుగు బురదని తవ్వి నీళ్ళని పాడుచేస్తుంది, రోగాలూ మోసుకెళ్తుంది. బడికి తీసుకురండి. సైన్స్ మాస్టారు ల్యాబ్‌లో 300 లీటర్ల తొట్టి సిద్ధం చేస్తున్నారు. తన ఇంట్లో ఏళ్ళుగా నడుస్తున్న అక్వేరియం స్పాంజిని అందులో పెట్టారు, దానితో బాక్టీరియా త్వరగా వస్తుంది. అయినా నీళ్ళు పరీక్షించి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాకే ఒక్కో చేపనీ వేస్తాం.

ఇంకొక మాట, ఇది చేప చనిపోయిన ఇళ్ళకి. పాప నిద్ర లేచేలోగా అలాంటిదే ఇంకో చేప తెచ్చి పెట్టేద్దామని వాళ్ళ నాన్నగారు అనుకున్నారట. ఏ తండ్రికైనా అలాగే అనిపిస్తుంది. ఆయన ఆ పని చేయనందుకు నాకు సంతోషంగా ఉంది. పిల్లలు తేడా పట్టేస్తారు. పట్టకపోయినా, పోయినదాని కోసం ఏడ్చే అవకాశం వాళ్ళకి ఉండాలి. "నిద్రపోయింది" అని చెప్పకండి, చిన్నపిల్లలు పడుకోవడానికే భయపడతారు. "చనిపోయింది, ఇక రాదు" అని పక్కన కూర్చుని చెప్పండి. వాళ్ళు అదే ప్రశ్న పదిసార్లు అడిగితే పదిసార్లూ జవాబు చెప్పండి. ఆ నాన్నగారు పాపతో కలిసి బంగారిని మందారం కుండీలో పాతిపెట్టారు. పాప రంగు రాళ్ళన్నీ దాని చుట్టూ పేర్చింది. ఇంకో చేప కావాలా అని అడిగితే "ఇప్పుడు వద్దు" అంది. మేమెవరం బలవంతపెట్టలేదు.

వచ్చే రెండు శనివారాలూ ఉదయం 10 నుంచి 12 దాకా సైన్స్ మాస్టారు, నేను ల్యాబ్‌లో ఉంటాం. మీ చేప ఉన్న నీళ్ళు ఒక చిన్న సీసాలో తెండి, మీ ఎదురుగానే పరీక్షించి చెబుతాం. సీసాని సబ్బుతో కడగకండి, చేప ఉన్న నీళ్ళతోనే రెండుసార్లు కడిగి నింపండి. పైన పిల్లల పేరు, తరగతి రాసి పంపినా చాలు. పన్నెండు చేపల్లో ఎన్ని ఉన్నాయో, ఎన్ని పోయాయో నాకు తెలియాలి. పోయినా సరే, ఒక చీటీ మీద రాసి పంపండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు