ఎత్తు మడికి కొలత పెద్దవాళ్ల చేయే

సంపాదకులకు నమస్కారం.

పెరటి తోటల గురించీ మిద్దె తోటల గురించీ పత్రికల్లో వచ్చే వ్యాసాలను నేను వదలకుండా చదువుతాను. విత్తనాలు, ఎరువులు, చీడపీడల సంగతులన్నీ వాటిలో ఉంటాయి గానీ, మోకాళ్ల నొప్పులతో కింద కూర్చుని లేవలేని వారు మొక్కల దగ్గర పని ఎలా చేసుకోవాలన్నది మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

నాకు 71 ఏళ్లు. నిరుడు మా పెరట్లో ప్రహరీకి ఆనించి ఒక ఎత్తు మడి, అంటే నేలకు ఎత్తుగా ఇటుక గోడలు కట్టి మట్టి నింపే మడి, కట్టించాను. కొలతలు మేస్త్రీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఉన్న ఇటుకలు సరిపోయినంత ఎత్తున, నాలుగడుగుల వెడల్పున కట్టేశాడు. గోడ వైపు చేయి అందక అక్కడి గోంగూర ముదిరి పూతకు వచ్చింది. గొడుగు వంకతో కొమ్మలను ఇవతలికి లాక్కుని ఆకు తుంచుకోవలసి వచ్చింది. గుంటూరులో పుట్టినవాడికి ఇంతకంటే నామోషీ ఉంటుందా!

దాన్ని పడగొట్టించి మళ్లీ కట్టించేటప్పుడు తెలిసిందేమిటంటే, గోడకు ఆనుకున్న మడి రెండడుగులకు మించకూడదు. రెండు వైపుల నుంచీ చేయి పెట్టగలిగితేనే నాలుగడుగులు పనికొస్తుంది. నిలబడి పనిచేసేవారికి దాదాపు మూడడుగుల ఎత్తు సుఖం. నాలాగా గట్టు మీద కూర్చుని పని చేసుకునేవారికి అడుగున్నర ఎత్తు, తొమ్మిదంగుళాల గోడ మందం చాలు. చక్రాల కుర్చీ వాడేవారికి మాత్రం నిండు గోడ పనికిరాదు. మోకాళ్లు దూరేందుకు కింద 27 అంగుళాల ఖాళీ వదిలి, పైన ఆరేడు అంగుళాల లోతు తొట్టి అమర్చాలి, లేకపోతే మనిషి పక్కకు తిరిగి నడుము మెలిపెట్టి పని చేయవలసి వస్తుంది. ఆ లోతులో తోటకూర, పాలకూర, మెంతికూర, కొత్తిమీర చక్కగా వస్తాయి. వంగకూ టమాటాకూ అడుగు లోతైనా కావాలి. మళ్ల మధ్య దారి మూడడుగులకు తగ్గకూడదు, నేల జారకూడదు. పది లీటర్ల బకెట్టు అంటే పది కిలోల బరువు కనుక కుళాయి మడి పక్కనే ఉండాలి.

డాబా మీద కట్టదలచినవారు మరొకటి గమనించాలి. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాలు చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువును లెక్కలోకి తీసుకుంటాయి. అడుగు లోతు తడి మట్టి అదే చదరపు మీటరుకు 500 కిలోల దాకా తూగుతుంది. ఇంజనీరును అడగకుండా ఇటుకలు పైకి ఎక్కించవద్దు. కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు ఎక్కువగా కలిపితే బరువు తగ్గుతుంది. మన నల్లరేగడి మాత్రం తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారుతుంది, దాన్ని తొట్టిలో నింపవద్దు. గట్టుకు కడప బండ పరిస్తే మే నెలలో దాని మీద చేయి కూడా పెట్టలేము. ఆ సంగతి నాకు కాలిన తరువాతే తెలిసింది.

గుంటూరు, విజయవాడ నగరపాలక సంస్థల పార్కుల్లో ఉదయం నడకకు వచ్చే పెద్దలు ఎందరో ఉన్నారు. ఒక్కో పార్కులో నీడపట్టున, కుళాయి దగ్గరగా, ఇలాంటి మళ్లు రెండు మూడు కట్టించి ఆకుకూరలు పెంచుకోనివ్వాలని అధికారులను కోరుతున్నాను. కట్టే ముందు వాడబోయే పెద్దలను అక్కడ కూర్చోబెట్టి, వారి చేయి ఎంతవరకు అందుతుందో టేపుతో కొలవాలని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు.