ముందు నీ లెన్సు బ్యాగు తీసి చూడరా శీనూ

ఒరే శీనూ,

పెళ్లిళ్లు తీయడానికి నికాన్ జెడ్8 కెమెరా తీసుకోవాలా, కానన్ ఆర్5 మార్క్ 2 తీసుకోవాలా అని అడిగావు. నువ్వు పంపిన పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. ఒకదాంట్లో 45.7 మెగాపిక్సెళ్లు, ఇంకోదాంట్లో 45. రెండింటిదీ వేగంగా చదివే స్టాక్డ్ సెన్సరే. రెండూ 8కె 60 ఫ్రేముల రా వీడియోని (సెన్సరు పట్టింది పట్టినట్టు, రంగులు తర్వాత సరిచేసుకునేలా ఉండేదే రా) కెమెరాలోనే రికార్డు చేస్తాయి. మెమరీ కార్డులకి రెండింటికీ ఒక సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్ బి స్లాటు, ఒక ఎస్‌డీ స్లాటు. 2023 మేలో జెడ్8 వచ్చింది, 2024 జూలైలో మార్క్ 2 వచ్చింది. అమెరికాలో విడుదల ధరలు 3,999, 4,299 డాలర్లు, అంటే అక్కడా పెద్ద తేడా లేదు. కాబట్టి ఆ పట్టిక అవతల పెట్టు. నువ్వు తీసే ఫంక్షన్ హాళ్లలో లైట్లు ఎలాంటివి, నీ బ్యాగులో ఉన్న లెన్సులు ఎవరివి, ఈ రెండే తేల్చుకోవాలి.

లైట్ల సంగతి ముందు చెబుతా, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. జెడ్8లో మెకానికల్ షట్టర్ అసలు లేదు, అంతా ఎలక్ట్రానిక్కే. మార్క్ 2లో రెండూ ఉన్నాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ ఫొటోని ఒక్కసారిగా తీసుకోదు, వరుస వరుసగా పైనుంచి కిందికి చదువుతుంది. జెడ్8 సెన్సరు ఆ పని సుమారు 1/270 సెకనులో ముగిస్తుంది. మార్క్ 2కి దాదాపు 6.3 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే 1/160. ఈ తేడా కంటికి కనిపించేది వేదిక వెనక ఎల్ఈడీ గోడ ముందే. ఆ గోడలు, వేదికకి రంగులేసే చవక పార్ లైట్లు సెకనుకి వందలసార్లు, కొన్ని వేలసార్లు ఆరి వెలుగుతుంటాయి. సెన్సరు చదివేలోపు లైటు ఎన్నిసార్లు ఆరి వెలిగితే ఫొటో మీద అన్ని పట్టీలు పడతాయి. సెకనుకి 1000 సార్లు కొట్టుకునే లైటు అనుకో, జెడ్8లో దాదాపు నాలుగు పట్టీలు, మార్క్ 2 ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఆరు. పెళ్లికూతురి ముఖం మీద ఒక్కటి పడినా ఫొటో పోయినట్టే, కాబట్టి నాలుగైనా ఆరైనా ఒకటే అనుకో.

దీనికి విరుగుడు లెక్కలో ఉంది. షట్టర్ తెరిచి ఉంచిన సమయంలో లైటు పూర్తి చుట్లు తిరిగితే పట్టీ రాదు. 500 సార్లు కొట్టుకునే లైటుకి 1/500, 1/250, 1/125 శుభ్రంగా వస్తాయి. మామూలు ట్యూబులైట్లు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకి 100 సార్లు కొట్టుకుంటాయి, వాటికి 1/100, 1/50. చిక్కేంటంటే డెకరేషన్ వాడి లైటు సరిగ్గా 500 దగ్గర ఉండదు, 513 దగ్గర ఉంటుంది. అప్పుడు నీకు కావాల్సింది 1/250 కాదు, 1/256.5. మామూలు డయల్ మీద ఆ అంకె దొరకదు. అందుకే రెండు కెమెరాల్లోనూ హై-ఫ్రీక్వెన్సీ ఫ్లికర్ అని మెనూలో వేరే ఏర్పాటు పెట్టారు. జెడ్8లో షట్టర్ స్పీడు నువ్వే పెట్టుకునే ఎస్ గానీ ఎమ్ గానీ మోడ్‌లో పెట్టి దాన్ని ఆన్ చేస్తే షట్టర్ స్పీడు చాలా చిన్న చిన్న మెట్లలో కదులుతుంది. వ్యూఫైండర్‌లో పట్టీలు చూస్తూ అవి పలచబడి మాయమయ్యేదాకా తిప్పు. కానన్‌లో కెమెరాయే లైటుని కొలిచి తగిన స్పీడు చెబుతుంది. ఏ కెమెరా అయినా ఈ పని జనం రాకముందే, డెకరేషన్ లైట్లన్నీ వేయించి చెయ్యి. ముహూర్తం టైముకి మెనూలు వెతుక్కోకూడదు. హాలు మారితే అంకె మారుతుంది. ఒక్కోసారి అదే హాల్లో ఎడమ వైపు లైటుది ఒక అంకె, కుడి వైపుది ఇంకో అంకె ఉంటుంది. అలాంటప్పుడు ముఖం మీద పడే లైటుకి కుదుర్చుకుని వెనక గోడని వదిలెయ్, లేదా షట్టర్ బాగా తగ్గించు.

మార్క్ 2కి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. మెకానికల్‌కి మార్చేస్తే షట్టర్ తెర (కర్టెన్) ఆ 6.3 మిల్లీసెకన్ల కంటే త్వరగా దాటుతుంది, పట్టీలు తగ్గుతాయి. అంటే మార్క్ 2ని మెకానికల్‌లో వాడినా, జెడ్8ని ఉన్నదున్నట్టు వాడినా ఈ విషయంలో ఇంచుమించు ఒకటే. "జెడ్8లో షట్టర్ లేదు, ప్రమాదం" అని ఎవరైనా అంటే నమ్మకు. ప్రమాదం కానన్‌ని నిశ్శబ్దంగా ఉంటుందని ఎలక్ట్రానిక్‌లో వదిలేసి మర్చిపోయేవాడికే ఎక్కువ.

ఫ్లాష్‌కీ ఇదే సూత్రం. జెడ్8 1/200 దగ్గర సింక్ అవుతుంది, అంటే ఫ్లాష్ వెలుగు ఫొటో అంతటా పడే గరిష్ఠ స్పీడు అది. మార్క్ 2 ఎలక్ట్రానిక్‌లో 1/160, మెకానికల్‌లో 1/200, ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్‌లో (మొదలు ఎలక్ట్రానిక్, ముగింపు మెకానికల్) 1/250. మధ్యాహ్నం ఎండలో తోటలో తీసే ఫొటోలకి ఆ 1/250 కొంచెం ఊరట. అంతకంటే ఎక్కువ కావాలంటే రెండింట్లోనూ హైస్పీడ్ సింకే, ఫ్లాష్ బలం పడిపోతుంది.

ఇక జీలకర్ర బెల్లం. ఇద్దరూ ఒకరి నెత్తిన ఒకరు పెట్టి, అడ్డుతెర దించగానే ఒకరినొకరు చూసుకునే ఆ అర సెకను కోసమే కదా నీకు డబ్బులిచ్చేది! బటన్ నొక్కకముందు జరిగినదాన్ని కూడా పట్టే ప్రీ-కాప్చర్ రెండింట్లోనూ ఉంది, కానీ తేడా చూడు. మార్క్ 2 బటన్ పూర్తిగా నొక్కడానికి ముందు అర సెకను, అంటే 15 ఫ్రేములు, రా ఫైళ్లుగానే ఇస్తుంది. జెడ్8 ఒక సెకను దాకా వెనక్కి వెళ్తుంది గానీ జేపెగ్ మాత్రమే. తెర పక్కన హోమం పొగ, పైన పసుపు లైటు, ముందు నుంచి వీడియోవాడి తెల్ల లైటు ఉన్నచోట జేపెగ్‌లో రంగు సరిచేయడం నరకం. ఈ ఒక్క విషయంలో కానన్‌దే స్పష్టంగా పైచేయి. తలంబ్రాలకి మాత్రం నాకు ప్రీ-కాప్చర్ అవసరం అనిపించదు. ఎలాగూ అయిదు నిమిషాలు పోస్తూనే ఉంటారు, జెడ్8 సెకనుకి 20 రా ఫొటోలు, మార్క్ 2 సెకనుకి 30 తీస్తాయి. ఇంటికొచ్చి ఏరుకునేది నువ్వే, గుర్తుంచుకో.

ఫోకస్ రెండింటిదీ అద్భుతమే. మార్క్ 2లో ముఖాలు ముందే నమోదు చేసుకోవచ్చు, పది మంది దాకా. వధూవరులు, ఇరువైపుల తల్లిదండ్రులు, తాతలు, అంతే, వేదిక మీద ఎంతమంది నిలబడినా వాళ్ల మీదికే వెళ్తుంది. నమోదు చేసేటప్పుడు ముఖం ఎదురుగా, వెలుతురులో, నీడలు లేకుండా ఉండాలి. మెహెందీ రోజు తీసినదాన్ని నమ్ముకోకు. పెళ్లిరోజు బాసికం కట్టి, పాపిడిబిళ్ల పెట్టి, పూలు చెంపల దాకా దిగితే గుర్తుపట్టడం తగ్గుతుంది. మేకప్ గదిలో అంతా అయ్యాక ఇంకో ఫొటో తీసి దాన్నే నమోదు చెయ్యి. కంటి చూపుతో ఫోకస్ జరిపే ఏర్పాటు కూడా ఉంది మార్క్ 2లో, కళ్లద్దాలు ఉంటే క్యాలిబ్రేషన్ చాలాసార్లు చేయాలి. పెళ్లి హడావిడిలో దాని మీద ఆధారపడమని నేను చెప్పను.

జెడ్8లో దారి వేరు. ఫోకస్ ఎక్కడ వెతకాలో చెప్పే వైడ్-ఏరియా సీ1, సీ2 పెట్టెల కొలతలు నువ్వే నిర్ణయించుకోవచ్చు. ఒకటి నిలువుగా సన్నగా, జంట పట్టేంత పెట్టుకో. మనిషిని గుర్తుపట్టే సెట్టింగు ఆన్‌లో ఉంచి పెట్టెని వాళ్ల మీద ఉంచితే చుట్టాల ముఖాల మీదికి దూకదు. ఇంకో బటన్‌కి కదిలే మనిషిని వెంటాడే త్రీడీ ట్రాకింగ్ ఇచ్చుకో, ఊరేగింపుకి అది.

ఇప్పుడు లెన్సులు. నీ దగ్గర ఉన్నది కానన్ పాత కెమెరా 5డీ మార్క్ 4, దానితో 24-70, 70-200, 85 లెన్సులు, మూడూ కానన్ పాత బిగింపు (మౌంటు) అయిన ఈఎఫ్‌వి. ఈఎఫ్ మౌంటు నుంచి సెన్సరుకి దూరం 44 మిల్లీమీటర్లు, మార్క్ 2 వాడే కొత్త మౌంటు ఆర్ఎఫ్‌లో 20. కానన్ అడాప్టరు మధ్యలోని 24 మిల్లీమీటర్ల ఖాళీని పూడుస్తుందంతే, దాంట్లో గాజు లేదు. కాబట్టి నాణ్యత తగ్గదు, ఆటోఫోకస్ పనిచేస్తుంది, చాలావాటికి పాత కెమెరా మీదకంటే కచ్చితంగా కూడా ఉంటుంది, ఎందుకంటే ఫోకస్ సెన్సరు మీదే జరుగుతుంది. పాత కెమెరాలో లెన్సు లెన్సుకీ ఫోకస్‌ని సూక్ష్మంగా సర్దుకునే బాధ ఇక లేదు. కొన్ని పాత ఈఎఫ్ లెన్సులతో బరస్ట్ వేగం తగ్గుతుంది, అంతే.

నికాన్‌కి మారితే అవన్నీ అమ్మి మళ్లీ కొనాలి. పాత ఈఎఫ్‌లకి ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో ఏం పలుకుతోందో నీకూ తెలుసు. అయితే మళ్లీ మొదటినుంచి కొనేవాడికి నికాన్ వైపు ఒక ఆకర్షణ ఉంది: టామ్రాన్ 35-150, ఎఫ్ 2 నుంచి 2.8 (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది), నికాన్ జెడ్ మౌంటులో దొరుకుతుంది. పెళ్లి అంతా ఆ ఒక్క లెన్సుతో లాగించేవాళ్లు ఉన్నారు. కానన్ 2024లో సిగ్మా, టామ్రాన్‌లని ఆర్ఎఫ్ లెన్సులు చేసుకోనిచ్చింది గానీ అవి ఏపీఎస్-సీ అనే చిన్న సైజు సెన్సరు లెన్సులు. మార్క్ 2కి తగిలిస్తే 45 మెగాపిక్సెళ్లు కాస్తా 17 దగ్గరికి పడిపోతాయి.

కొల్లేరు ఆటపాక గూడబాతులు, ఉప్పలపాడు కొంగలు మాత్రమే నీ లోకమైతే తీర్పు తిరగబడేది. నికాన్ జెడ్ 180-600 లెన్సు చివరంటా ఎఫ్ 6.3 ఇస్తుంది, కానన్ 200-800 లెన్సు చివరికి వెళ్లేసరికి ఎఫ్ 9 అయిపోతుంది. తెల్లవారుజామున ఆ తేడా ఐఎస్ఓలో (సెన్సరు సున్నితత్వంలో) తేలుతుంది. జెడ్8కి 2024 ఫిబ్రవరిలో లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) 2.00తో పక్షులకి వేరే గుర్తింపు కూడా వచ్చింది. కింద ఐఎస్ఓ 64 దాకా దిగడం దాని ఇంకో బలం, గోదావరి మీద సూర్యోదయాలకి బాగుంటుంది. కానీ నీకు అన్నం పెట్టేది పెళ్లిళ్లు కదా.

వేడి గురించి అడిగావు. 2020లో వచ్చిన మొదటి ఆర్5 వేడెక్కి ఆగిపోతుందని పడ్డ పేరు మార్క్ 2కి కూడా అంటుకుంది గానీ ఇది చాలా మెరుగు, కావాలంటే ఫ్యాను ఉన్న గ్రిప్ కూడా అమ్ముతారు. జెడ్8 25 డిగ్రీల దగ్గర 4కె 60లో 125 నిమిషాలు, 8కె 30లో 90 నిమిషాలు ఆగకుండా తీస్తుందని నికాన్ చెబుతుంది. మే నెల విజయవాడలో 25 డిగ్రీలు ఎక్కడివిరా! రెండింట్లోనూ వేడి కటాఫ్‌ని మెనూలో 'హై'కి మార్చు. మార్క్ 2లో 4కె ఫైన్ ఆపితే వేడి బాగా తగ్గుతుంది, అది 8కె చదివి 4కెకి కుదించే పని కాబట్టి. ముహూర్తం మొత్తం ఆగకుండా తీయాల్సిన కెమెరాకి మామూలు 4కె చాలు.

సంగీత్‌లో లేజర్ లైట్లుంటే జాగ్రత్త. ఈ రెండూ లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు, సెన్సరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కిరణం నేరుగా లెన్సులో పడితే సెన్సరు మీద శాశ్వతంగా గీత పడుతుంది. ఏ కెమెరాకీ మినహాయింపు లేదు. లేజర్ తిరిగే వైపు కెమెరా పెట్టకు. ఇక లెన్సు మార్చేటప్పుడు అక్షింతలు, కుంకుమ లోపల పడకుండా జెడ్8లో పవర్ ఆపగానే సెన్సరు షీల్డ్ మూసుకునేలా, మార్క్ 2లో షట్టర్ మూసుకునేలా మెనూలో పెట్టుకోవచ్చు. ఆ రేకుల్ని వేలితో ముట్టుకోకు.

బరువు, బ్యాటరీ, కార్డుతో కలిపి: జెడ్8 910 గ్రాములు, మార్క్ 2 746. మార్క్ 2 స్క్రీన్ పక్కకి తెరుచుకుని ముందుకీ తిరుగుతుంది, జెడ్8ది నాలుగు వైపులా వంగుతుంది గానీ ముందుకి తిరగదు. వ్యూఫైండర్ మార్క్ 2ది 57.6 లక్షల చుక్కలు, జెడ్8ది 36.9 లక్షలు. నీ పాత ఎల్‌పీ-ఈ6ఎన్ బ్యాటరీలు మార్క్ 2లో పడతాయి, కానీ ఎక్కువ ఫ్రేముల వీడియో లాంటి భారీ పనులు కుదరవు. మార్క్ 2కి తగిన కొత్త బ్యాటరీలు ఎల్‌పీ-ఈ6పీలు కనీసం మూడు కొను. జెడ్8లో రెండు యూఎస్‌బీ-సీ పోర్టులున్నాయి, ఒకదానికి పవర్ బ్యాంకు పెట్టి రెండోది డేటాకి వాడుకోవచ్చు.

ఫైళ్ల సంగతి. జెడ్8లో నాణ్యత పోకుండా కుదించే లాస్‌లెస్ రా సుమారు 50 ఎమ్‌బీ, ఇంకా ఎక్కువ కుదించే హై ఎఫిషియెన్సీ మామూలు రకం 22 దగ్గర. పెళ్లికి 3,000 ఫొటోలైతే 150 జీబీకి బదులు 66 జీబీతో పోతుంది, తేడా కనిపెట్టడం కష్టం. కానన్‌లో దానికి సమానం సీ-రా. సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కార్డు కొనేటప్పుడు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వేగం కాదు, నిలకడగా రాసే వేగం చూడు. ఎస్‌డీ కార్డుకి కూడా రా కాపీ పెడితే బఫర్ (ఫొటోలు కార్డుకి చేరేలోపు ఆగే చోటు) ఖాళీ అవడం ఎస్‌డీ వేగానికి దిగిపోతుంది. అయినా పెళ్లికి రెండు కాపీలు ఉండాల్సిందే, కాబట్టి వేగంగా రాసే వీ90 రకం ఎస్‌డీ కొను. నీ ఆల్బమ్ డిజైనర్ ఇంకా పాత ఫొటోషాపే వాడుతుంటే ఏ కెమెరా రా అయినా తెరుచుకోదు. అడోబ్ డీఎన్‌జీ కన్వర్టర్ ఉచితం, దాంతో మార్చి పంపు.

కాబట్టి మార్క్ 2, ఒక ఈఎఫ్ అడాప్టరు తీసుకో. ఆర్ఎఫ్ లెన్సులు ఒక్కొక్కటీ రెండేళ్లలో కొనుక్కోవచ్చు, ముందు 70-200. ఒకవేళ ఎవరైనా వాడిన జెడ్8 తక్కువకి ఇస్తామని మనసు లాగితే, 2023 మొదటి బ్యాచ్‌ల్లో లెన్సు లాక్ సరిగా పడకపోవడం, స్ట్రాప్ కొక్కెం వదులవడం మీద నికాన్ ఉచిత సర్వీసు ప్రకటించింది. ఆ కెమెరాకి అది చేయించారో లేదో సీరియల్ నంబరుతో సర్వీస్ సెంటర్‌లో కనుక్కో. కొత్తదైతే జీఎస్టీ బిల్లు, ఇండియా వారంటీ కార్డు రెండూ చేతికొచ్చాకే డబ్బు ఇవ్వు. దుబాయ్ సరుకు పాతిక వేలు తక్కువని చెప్పేవాడికి ఫోన్ కూడా ఎత్తకు.

నీ
రవి