అడ్రస్ దొరకకపోయినా దొరికిందనే స్క్రిప్టు

సంపాదకులకు,

అయ్యా,

డిగ్రీ కంప్యూటర్ ల్యాబుల్లో షెల్ స్క్రిప్టు (కంప్యూటర్‌కు వరుసగా ఇచ్చే కమాండ్ల జాబితా) నేర్పే తీరులోని ఒక లోపాన్ని మీ పత్రిక ద్వారా మా జిల్లా అధ్యాపకుల దృష్టికి తేదలచాను. నేను మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు కళాశాల కంప్యూటర్లను చూసుకునే ఉద్యోగిని కావడంతో విద్యార్థుల రికార్డు పుస్తకాలు తరచూ నా కంట పడుతుంటాయి. వెబ్‌సైటు పేరునుబట్టి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌ను గుర్తించే సంఖ్య) రాబట్టే అభ్యాసానికి వారిలో చాలామంది ఒకే పద్ధతి రాస్తారు: పేరుకు అడ్రస్ వెతికిపెట్టే ఎన్ఎస్‌లుకప్ అనే కమాండ్ చూపిన వివరాల్లో ‘అడ్రస్’ అన్న మాట ఉన్న వరుసలను గ్రెప్‌తో ఏరి, టెయిల్‌తో చివరిదాన్ని పట్టి, ఆక్‌తో అందులోని రెండో పదాన్ని తీసుకోవడం.

పేరు ఉన్నన్నాళ్లూ ఇది బాగానే నడుస్తుంది. కానీ ఎన్ఎస్‌లుకప్ ముందుగా తాను ఏ డీఎన్ఎస్ సర్వరును (పేర్లకు అడ్రస్‌లు చెప్పే కంప్యూటర్‌ను) అడిగిందో దాని అడ్రస్‌ను చూపి, ఆ తరువాతే అసలు జవాబు చెబుతుంది. అడిగిన పేరే లేనప్పుడు ‘అడ్రస్’ అన్న వరుస ఆ సర్వరుది ఒక్కటే మిగులుతుంది కనుక, స్క్రిప్టు దాన్నే, వెనక అంటుకున్న 53 అనే పోర్టు సంఖ్యతో సహా, జవాబుగా తెచ్చి పెడుతుంది. వెతికిన ఇల్లు కనబడక, దారి అడిగిన టీకొట్టు అడ్రస్ రాసుకొచ్చినట్టన్న మాట. పైగా ఇలా ఒక కమాండ్ ఫలితాన్ని మరొకదానికి అందించే పైపు వరుసలో షెల్ చూసేది చివరి కమాండ్ ఎగ్జిట్ కోడ్‌నే (పని ముగిసిన తీరు చెప్పే సంఖ్య; సున్నా అంటే సఫలం). ఆక్ తన పని సక్రమంగా చేసింది కాబట్టి సున్నా వస్తుంది, ముందు జరిగిన వైఫల్యం మరుగున పడుతుంది. మా కార్యాలయంలోనే ఇలాంటి స్క్రిప్టు, అప్పటికే తొలగించిన ఒక సర్వరు పేరును మూడు రోజులపాటు ‘సరిగా ఉంది’ అని లాగ్‌లో రాస్తూ పోయింది. అది నేను రాసినదేనని ఒప్పుకోక తప్పదు.

ఎన్ఎస్‌లుకప్ మనిషి చదువుకోవడానికి ముద్రిస్తుంది. స్క్రిప్టుకైతే అదే పని చేసే డిగ్ అనే కమాండ్‌ను ‘షార్ట్’ ఆప్షన్‌తో వాడితే జవాబు మాత్రమే వస్తుంది. దానికీ ఒక మెలిక ఉంది: పేరు లేకపోయినా డిగ్ సున్నాతోనే ముగుస్తుంది, సర్వరు అసలు పలకనప్పుడే 9 ఇస్తుంది, అడిగినది మారుపేరైతే అడ్రస్ కంటే ముందు దాని అసలు పేరును చూపుతుంది. కాబట్టి వచ్చినది ఖాళీయా, నిజంగా అడ్రసేనా అన్నది స్క్రిప్టే పరీక్షించుకోవాలి. లినక్స్‌లో గెట్‌ఎంట్ అనే కమాండ్ ఇంకా నయం. మిగతా ప్రోగ్రాముల మాదిరిగానే ఆ కంప్యూటర్‌లోనే పేర్లు, అడ్రస్‌లు రాసి ఉంచే హోస్ట్స్ ఫైలును కూడా చూసి, పేరు దొరకకపోతే 2 అనే కోడ్‌తో ముగుస్తుంది.

ఇందుకు సిలబస్ మార్చనక్కరలేదు. వెబ్‌సైటు పేర్లలో ‘ఇన్వాలిడ్’ అనే చివరి భాగాన్ని 1999లోనే ఆర్ఎఫ్‌సీ 2606 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం చెల్లని పేర్ల కోసం ప్రత్యేకించింది గనుక, దానితో ముగిసే పేరు ఇంటర్నెట్‌లో ఎవరికీ ఉండదు. రికార్డుపై సంతకం చేసేముందు విద్యార్థి స్క్రిప్టుకు అలాంటి పేరొకటి ఇచ్చి, అది ఏమి చెబుతుందో చూడవలసిందిగా అధ్యాపకులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ ఉద్యోగి,
మహబూబ్‌నగర్