సముద్రం కోసం, మన చెరువు గట్టు మీద: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. ఈసారి దీంట్లో సగానికి పైగా ఒక్క విషయమే ఉంటుంది: సంఘాన్ని ఎవరు నడపాలి, ఎట్లా నడపాలి. మిగతా పనులు కూడా చెప్తాను. కానీ ఈ ఏడాది మనల్ని కుదిపింది, మార్చింది నాయకత్వం సంగతే.

కొత్తగా చేరేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్నకు జవాబుతో మొదలుపెడతాను. వరంగల్‌లో కూర్చొని సముద్రాన్ని కాపాడతామని ఎందుకంటున్నాం? పాఖాల చెరువు అలుగు పోస్తే ఆ నీళ్లు మున్నేరులో కలిసి కృష్ణకు పోతాయి. రామప్ప, లక్నవరం నీళ్లు గోదావరికి పోతాయి. కృష్ణ హంసలదీవి దగ్గర, గోదావరి పాయ ఒకటి అంతర్వేది దగ్గర బంగాళాఖాతంలో కలుస్తాయి. వర్ధన్నపేట దగ్గర ఆకేరు వాగులో పడ్డ కవరుకు సముద్రం దాకా దారి ఉంది. తీరంలో ఎంతమంది ఎంత ఊడ్చినా, ఇక్కడినుంచి పంపేది ఆగకపోతే వాళ్ల చాకిరీకి అంతుండదు. 2015లో మన అధ్యక్షులు సార్ ఈ మాట చెప్పే పదిమందిని పోగుచేశారు, అదే మన సంఘమైంది.

సెప్టెంబరులో ఏం జరిగింది

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వాన ఎవరమూ మరచిపోలేం. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీదికి వచ్చింది. వరద తీసిన నాలుగో రోజు మేం కొందరం ఆకేరు ఒడ్డుకు పోయి చూశాం. తుమ్మచెట్లకు మనిషెత్తున కవర్ల పీలికలు చుట్టుకొని ఉన్నాయి. అవి చెట్లు ఆపినవి. ఆపలేనివి ఎంత దూరం పోయాయో.

అదే వారం సార్ జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. సెప్టెంబరు 17 గణేశ్ నిమజ్జనం. ఏటా ఆ రోజు చెరువు గట్టు మీద పత్రి, పూలదండలు, థర్మకోల్ అలంకరణ వేరుచేసి తీసుకునేది మనమే. ఈసారి చేతులెత్తేశాం. కారణం దాచకుండా రాస్తున్నాను. సంచులు, చేతి తొడుగులు పెట్టిన గది తాళంచెవి సార్ ఇంట్లో ఉంది. ట్రాక్టర్ మాట్లాడే నంబరు సార్ ఫోన్‌లో ఉంది. చెక్కుబుక్కు మీద సంతకం సార్‌ది ఒక్కరిదే. ఏ వీధికి ఎవరొస్తారో సార్‌కు నోటికి వచ్చు, కాగితం మీద మాత్రం లేదు. వాలంటీర్లు వచ్చారు, గంటసేపు నిలబడ్డారు, పోయారు. రాత్రి పదింటికి నీటి మీద ప్లాస్టిక్ పూలదండలు తేలుతుంటే చూస్తూ నిలబడ్డ వాళ్లలో నేనూ ఉన్నాను. నేను కార్యదర్శిని. ఆ తాళంచెవికి రెండోది చేయించాలని నాకు తొమ్మిదేళ్లలో ఒక్కసారీ తట్టలేదు.

ఇది సార్ తప్పు అని ఎవరూ అనుకోవద్దు. అన్నీ ఒక్కరి నెత్తిన పెట్టి నిశ్చింతగా ఉన్నది మనమందరం.

సద్దుల బతుకమ్మ

అక్టోబరు 10న సద్దుల బతుకమ్మ. సార్ ఇంకా ఇంట్లో మంచం మీదే ఉన్నారు. మహిళా సభ్యులు మా ఎవరి కోసమూ చూడలేదు. వీధికి ఒకరు చొప్పున బాధ్యత పంచుకున్నారు. సద్దులు కవర్లలో కాకుండా స్టీలు టిఫిన్లలో తెమ్మని వారం ముందే ఇంటింటికీ చెప్పారు. తంగేడు, గునుగు, బంతి నీళ్లలోకి పోవచ్చు, మెరుపు కాగితం మాత్రం ఒడ్డునే తీసేయాలి అని బతుకమ్మ పేర్చే పొద్దుటే గుర్తుచేశారు. గట్టు మీద చెంబుతో నీళ్లు, పంచడానికి మోదుగాకు డొప్పలు. రాత్రి ఆట అయ్యాక ఎవరి వీధి వాళ్లు వాళ్ల జాగా ఊడ్చుకొని పోయారు. మైకు లేదు, బ్యానరు లేదు. తెల్లారి నేను పోయి చూస్తే గట్టు మీద రాలిన గునుగు పూలు తప్ప ఏమీ లేవు.

పనివాళ్లు అవే వీధుల నుంచి వచ్చినవాళ్లు. చెరువూ అదే. మధ్యలో ఇరవై మూడు రోజులే. తేడా ఎక్కడుందో దసరా తర్వాతి కార్యవర్గ సమావేశంలో అందరం ఒప్పుకున్నాం.

మిగతావాళ్లు ఎట్లా నడుపుతున్నారు

సముద్రం కోసం పనిచేసే సంస్థల నాయకత్వం ఎట్లా ఉందో తెలుసుకుందామని నవంబరు, డిసెంబరు నెలల్లో నాలుగు సార్లు కూర్చున్నాం. ఇందులో నాకు బాగా ఉపయోగపడ్డవి రాస్తాను.

చెన్నైలో స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అని ఒకటుంది. 1988 నుంచి నడుస్తోంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో రాత్రంతా తీరం వెంట నడిచి, గూళ్లు వెతికి, గుడ్లను కాపలా ఉన్న చోటుకు తెచ్చి పూడుస్తారు. ఒక్కో గూటిలో నూరుకు అటూ ఇటూగా గుడ్లుంటాయి. నెలన్నర పైచిలుకుకు పిల్లలు బయటికొస్తే చీకట్లో సముద్రం వైపు వదులుతారు. మన సభ్యురాలి కూతురు అక్కడ ఇంజినీరింగ్ చదువుతూ రెండు సీజన్లు నడిచింది. ఆ అమ్మాయి చెప్పిన మాట: "మొదటి రాత్రి నాకు ముందు నడిచి చూపించిన అక్క, ఏడాది కింద నాలాగే కొత్తగా వచ్చింది. రెండో ఏడు నేను ముందు నడిచిన." చదువు అయిపోయినవాళ్లు పోతుంటారు, కొత్తవాళ్లు వస్తుంటారు, నడక ఆగదు. ముప్పై ఏళ్లకు పైగా నిలబడ్డ సంస్థలో ప్రతి ఒక్కరూ తన వెనక వచ్చేవాళ్లకు నేర్పడం పనిలో భాగం. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల్లో తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చినప్పుడు ఆ అమ్మాయి మన గ్రూపులో ఫొటో పెట్టింది. ట్రాలర్ల (పెద్ద వలలు లాగే మరపడవల) వలల్లో చిక్కితే పైకొచ్చి ఊపిరి తీసుకోలేక చచ్చిపోతాయి. ఫొటో చూసి చాలామంది ఆ రోజంతా గ్రూపులో ఇంకేమీ రాయలేదు.

ముంబైలో అఫ్రోజ్ షా అనే న్యాయవాది 2015 అక్టోబరులో వెర్సోవా తీరం శుభ్రం చేయడం మొదలుపెట్టారు. మొదట తోడు వచ్చింది ఎనభై దాటిన పక్కింటి పెద్దాయన ఒక్కరే. తర్వాత వేలమంది కలిశారు. 2016లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం వచ్చింది. 2018 మార్చిలో ఆ తీరంలో తాబేలు పిల్లలు కనబడ్డాయి. ఇది అందరికీ తెలిసిన కథే. మాకు పట్టుకున్నది మధ్యలో జరిగింది: 2017 నవంబరులో వేధింపులు, ఎత్తిన చెత్త అక్కడే పడి ఉండటం భరించలేక ఆయన పని ఆపేస్తున్నానని ప్రకటించారు. తర్వాత మళ్లీ మొదలుపెట్టారు, అది వేరే సంగతి. అంత పెద్ద ఉద్యమమైనా బరువంతా ఒక్క మనిషి మీద పడితే ఎట్లుంటుందో అక్కడ కనబడింది. మాకు వెంటనే మా సార్ గుర్తొచ్చారు.

సముద్ర జీవుల కోసం పనిచేసే సీ షెపర్డ్ అనే సంస్థ సంగతి ఇంకో రకం. 1977లో దాన్ని పెట్టింది పాల్ వాట్సన్. తిమింగలాల వేట ఓడలకు అడ్డంగా తన ఓడను నడిపిన మనిషి. సంస్థ పెద్దదయ్యాక ప్రభుత్వాలతో కలిసి పనిచేద్దామని బోర్డు, ఎదురు నిలవాల్సిందేనని ఆయన. 2022లో రాజీనామా చేసి బయటికొచ్చి వేరే సంస్థ పెట్టుకున్నారు. 2024 జూలైలో జపాన్ కోరిక మీద ఆయన్ను గ్రీన్‌లాండ్‌లో అరెస్టు చేసి డిసెంబరులో వదిలిపెట్టారు. మన దగ్గర దీని మీద గట్టి వాదనే నడిచింది. పెట్టినవాళ్లనే పక్కకు పెట్టడం అన్యాయం అని కొందరు. దారి మార్చుకునే హక్కు సంస్థకు లేకపోతే అది సంస్థ కాదు, ఒకరి ఆస్తి అని కొందరు. నా అభిప్రాయం రెండో వైపే. కాకపోతే ఆ మాట పెట్టినాయనకు ఎదురుగా, గౌరవంగా, వేళకు చెప్పాలి. ఆలస్యమైతే విడిపోవడమే మిగులుతుంది.

అమెరికాలోని టెక్సాస్ తీరంలో 1986లో మొదలైన తీర శుభ్రత రోజు గురించి కూడా మాట్లాడుకున్నాం. మొదటిసారి 2,800 మంది కలిసి 124 టన్నులు ఎత్తారు. అదే ఇప్పుడు ఏటా సెప్టెంబరు మూడో శనివారం ప్రపంచమంతా జరుగుతోంది, మన దేశంలో కోస్ట్ గార్డ్ నడుపుతుంది. వాళ్లు ఎత్తి ఊరుకోలేదు, ఎత్తిన ప్రతి వస్తువునూ కార్డు మీద రాసుకున్నారు. మనమూ డిసెంబరులో ఒక ఆదివారం చెరువు తూర్పు గట్టున అట్లాగే రాసుకుంటూ ఎత్తాం. అన్నింటికన్నా ఎక్కువ పాన్ మసాలా ప్యాకెట్లు, తర్వాత వాటర్ ప్యాకెట్లు. మేం ఇన్నాళ్లూ బడి పిల్లలకు క్యారీ బ్యాగుల గురించే చెప్తూ వచ్చాం. చెప్పాల్సింది పాన్ డబ్బాల వాళ్లకు, పక్కన నిలబడి తినేవాళ్లకు.

కాక, ఆయన తెప్ప

ఆ లెక్క రాసే రోజే మన చెరువులో చేపలు పట్టే పెద్దాయన, మనమందరం కాక అని పిలిచే మనిషి, నన్ను పక్కకు పిలిచి అన్నాడు: "సార్, మీరు ఆదివారం వస్తరు, ఎండ వడంగనే పోతరు. చెరువుల ఏం పడ్డదో సోమవారం పొద్దుగాల నాకే తెలుస్తది. నన్నెప్పుడన్న అడిగిన్రా?" అడగలేదు. తొమ్మిదేళ్లలో కార్యవర్గంలో లెక్చరర్లున్నారు, వ్యాపారులున్నారు, చెరువు మీద బతికే మనిషి ఒక్కరూ లేరు.

తన తెప్ప చూపించాడు. థర్మకోల్ పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి నైలాన్ తాడుతో బిగించింది. అంచులు ఎలుకలు కొరికినట్టు అరిగిపోయి ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే తెల్లటి పూసలు రాలి అరచేతికి అంటుకున్నాయి, దులిపినా పోలేదు. "గిది నాకు తిండి పెడ్తది, చెరువుకు విషం పెడ్తది. గింజలనుకొని చేపలు నోట్ల పట్టుకుంటయి. ఏం జెయ్యాలె?" అని అడిగాడు. మనకు అక్కడికక్కడ జవాబు లేదు. ఆయనే చెప్పాడు, పాత లారీ టార్పాలిన్ కప్పి కుట్టిస్తే పూసలు రాలవని. జనవరిలో నాలుగు తెప్పలకు కుట్టించాం. ఒకదానికి మూల దగ్గర వెదురు కర్ర రాసుకొని చిరిగితే సైకిల్ ట్యూబు ముక్క అతికించారు, అది ఆగింది. వానాకాలం లోపు మిగతావాటికీ కుట్టించాలి. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

మారిన నియమాలు, కొత్త కార్యవర్గం

ఫిబ్రవరి ప్రత్యేక సమావేశంలో నియమావళి సవరణకు తీర్మానం పెట్టింది సార్ స్వయంగా. తన లాంగ్‌బుక్కు వెంట తెచ్చుకున్నారు. ట్రాక్టర్ నంబర్లు, వీధుల పేర్లు, తొమ్మిదేళ్ల ఖర్చులు అన్నీ అందులో ఉన్నాయని మాకు ఆ రోజే తెలిసింది. బల్ల మీద పెట్టి, "జిరాక్స్ తీసి అందరికీ పంచండి" అన్నారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. సార్‌ను అవమానిస్తున్నామని అలిగి ఇద్దరు సభ్యులు ఓటింగుకు ముందే వెళ్లిపోయారు. వాళ్ల బాధ నాకు అర్థమైంది, వాళ్లిద్దరూ మళ్లీ రావాలని కోరుకుంటున్నాను.

సవరణల ప్రకారం ఏ పదవైనా రెండేళ్లు, ఒకరు వరుసగా రెండు విడతలకు మించి ఉండకూడదు. బ్యాంకు చెక్కు మీద రెండు సంతకాలు. మూడు నెలలకోసారి జమాఖర్చులు గట్టు మీది నోటీసు బోర్డుకు అతికించాలి. కార్యవర్గంలో మూడోవంతుకు తక్కువ కాకుండా మహిళలు ఉండాలి, చెరువు మీద బతికేవాళ్లలో ఒకరు తప్పనిసరి. ప్రతి బాధ్యుడికీ ఒక జతగాడు ఉండి పని నేర్చుకోవాలి. ఈ చివరిది చెన్నై వాళ్ల దగ్గర నేర్చుకున్నదే.

మార్చి ఎన్నికల్లో బతుకమ్మ నాటి పనిని ముందుండి నడిపించిన అక్క, రిటైర్డ్ స్టాఫ్ నర్సు, అధ్యక్షురాలిగా గెలిచారు. కాక ఉపాధ్యక్షుడు. సార్ సలహాదారుగా ఉంటారు, ఓటు ఉండదు. నన్ను మళ్లీ కార్యదర్శిగా ఎన్నుకున్నారు. ఇది నాకు ఆఖరి విడత, 2027 మార్చితో దిగిపోతాను. నా జతగా ఒక డిగ్రీ విద్యార్థి మినిట్స్ రాయడం నేర్చుకుంటున్నాడు.

మిగతావి క్లుప్తంగా. నవంబరులో పూడిక కోసం భద్రకాళి చెరువు ఖాళీ చేసినప్పుడు బడి పిల్లలను తీసుకెళ్లి చూపించాం. మన చెరువులోకి వస్తున్న మురుగు కాలువ గురించి మూడు వినతిపత్రాలు ఇచ్చాం, జవాబు రాలేదు, నాలుగోది అక్క సంతకంతో వెళ్లింది. గట్టున నాటిన మొక్కల్లో సగం ఎండిపోయాయి. నీళ్లు పోసే వంతు ఎవరిదో రాసుకోకపోవడమే కారణం, ఇప్పుడు రాసుకున్నాం. సభ్యత్వ రుసుము మారలేదు.

సంచుల గదికి ఇప్పుడు మూడు తాళంచెవులు ఉన్నాయి. ఒకటి అక్క దగ్గర, ఒకటి కాక గుడిసెలో, ఒకటి నా దగ్గర. టార్పాలిన్ కుట్టే పని వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి. దబ్బనం, పురికొస ఉన్నవాళ్లు తెచ్చుకోగలరు.

కార్యదర్శి