ఆ మూడు కంప్యూటర్లనూ అప్పుడే అమ్మేయకు

తెనాలి,
ఆదివారం రాత్రి.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. శుభలేఖల పేజీలు కూర్చే మీ డీటీపీ దుకాణంలోని రెండు కంప్యూటర్లకూ, మీ అమ్మాయి ల్యాప్‌టాప్‌కూ కాలం చెల్లిందనీ, పాత సామానుకు వేసేసి కొత్తవి కొనుక్కోమనీ ఎవరో వచ్చి చెప్పి వెళ్లారని రాశావు. చెల్లాయి కూడా ఆ మాటకే మొగ్గుతోందట. తనను తప్పుపట్టలేను. పెళ్లిళ్ల సీజనులో కంప్యూటర్ మొరాయిస్తే ఇంటిల్లిపాదికీ అన్నం సహించదని నాకూ తెలుసు. కానీ నువ్వు రాసిన లక్షణాలను రెండుసార్లు చదివాను. అవి మూడూ మూడు వేర్వేరు జబ్బులు. వాటిలో ఒకదానికి మందు ఒక బటన్ సెల్లు మాత్రమే.

ముందు మీ నాన్నగారి పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ సంగతి రాస్తాను, ఎందుకంటే అసలు ఆస్తి అంతా అందులోనే ఉంది. ఎక్స్‌పీ 2001 అక్టోబరులో వచ్చింది, 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు ఆపేసింది. అయినా మన డీటీపీ వాళ్లు దాన్ని ఎందుకు వదలలేదో బయటివాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాదు. ఆయన ఇన్నేళ్లుగా కూర్చిన శుభలేఖలు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు, ఆ సాహిత్య పత్రిక సంచికలు, అన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతో చేసినవే. అను అక్షరాలు అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా చదివే యూనికోడ్ తెలుగు కావు. ఇంగ్లీషు అక్షరాలు కూర్చోవలసిన గళ్లలో తెలుగు ముక్కలను కూర్చోబెట్టిన ఏర్పాటు అది. అందుకే ఆ వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే గజిబిజి గీతలు వస్తాయి. లిబ్రేఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తుంది కానీ, మనం వెంట్రుకవాసి తేడా లేకుండా సర్దిన పేజీ అందులో అలాగే నిలబడుతుందని నమ్మి ప్రెస్సుకు పంపలేము. (ఎక్స్‌పీకి యూనికోడ్ తెలుగు రాదనుకునేవారు చాలామంది ఉన్నారు. గౌతమి ఫాంటు దానితోపాటే వచ్చింది. సెట్టింగుల్లో ఒక గడిలో టిక్కు పెట్టి సీడీ పెట్టాలి, అంతే. ఆ టిక్కు పెట్టే ఓపిక మనలో ఎవరికీ లేకపోయింది.)

కాబట్టి ఎక్స్‌పీ ఉండాలి. అయితే నీ ఉత్తరంలో ఒక వాక్యం చదివి ఉలిక్కిపడ్డాను. అమ్మాయి ల్యాప్‌టాప్‌కు ఎక్స్‌పీలోని ఫోల్డరు కనిపించకపోతే, మీ కుర్రవాడు ల్యాప్‌టాప్‌లో ‘ఏదో ఎస్ఎంబీ వన్’ ఆన్ చేశాడనీ, అప్పటినుంచి ఫైళ్లు చక్కగా వస్తున్నాయనీ మురిసిపోతూ రాశావు. నెట్‌వర్కులో ఫైళ్లు పంచుకునేందుకు ఎక్స్‌పీకి తెలిసిన భాష ఆ మొదటి ఎస్ఎంబీ ఒక్కటే. 2017 మే 12న ప్రపంచమంతటా పాకిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై పురుగు దూరింది ఆ సందులోంచే. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకు కూడా అది సోకిందని అప్పుడు పత్రికల్లో చదివే ఉంటావు. ఆ రంధ్రానికి అతుకును, అంటే దాన్ని పూడ్చే అప్‌డేట్‌ను, మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే మార్చిలో ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. మద్దతు ముగిసి మూడేళ్లయిన ఎక్స్‌పీకి కూడా అప్పుడు ప్రత్యేకంగా అతుకు విడుదల చేయవలసి వచ్చిందంటే పరిస్థితి ఎంతవరకు వెళ్లిందో ఊహించుకో. ఆ తరువాతే విండోస్ 10లో ఆ పాత తలుపును మూసి ఉంచడం మొదలుపెట్టారు. మీ కుర్రవాడు దాన్ని మళ్లీ బార్లా తెరిచాడు. ఈ ఉత్తరం చదవడం పూర్తి కాకముందే వెళ్లి మూయించు.

పాత కంప్యూటర్‌కు ప్రమాదం దాని వయసులో లేదు, దాని వెనక గుచ్చిన నెట్ వైరులో ఉంది. ఆ వైరు పీకేస్తే ఎక్స్‌పీ ఒక టైపు మిషను లాంటిది, దాని జోలికి ఎవరూ రారు. దానిలో యాంటీవైరస్ అప్‌డేట్ అవుతోందా అన్న బెంగ కూడా సగం తీరుతుంది. అవాస్ట్ యాంటీవైరస్ కూడా ఎక్స్‌పీకి 18.8 దగ్గరే కొత్త వెర్షన్లు ఆపేసింది. ఉన్న మెమరీ ఒక జీబీ అయినప్పుడు, బరువైన కాపలాదారును లోపల కూర్చోబెడితే పేజ్‌మేకర్‌కు చోటు ఉండదు.

వైరు పీకాక మిగిలే దారి పెన్‌డ్రైవ్. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మాఘమాసంలో ఒక పెళ్లివారు వధూవరుల ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. తొందరలో దాన్ని నేరుగా నా ఎక్స్‌పీకే పెట్టాను. ఫోల్డర్లన్నీ ఉన్నాయి, కానీ ప్రతి బొమ్మ మూలనా చిన్న బాణం గుర్తు ఉంది. చూసి కూడా నొక్కాను. సాయంత్రానికి నా డీ డ్రైవులో ఉన్న శుభలేఖల ఫోల్డర్లన్నీ మాయమై, వాటి పేర్లతో ఒకటి రెండు కేబీల షార్ట్‌కట్లు మిగిలాయి. అప్పటికి నాలుగు వందల కార్డులు మర్నాడు పొద్దునకు ఇవ్వాలి. కాళ్లలో వణుకు పుట్టింది. నిజానికి ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, ఆ పురుగు వాటిని దాచిపెట్టింది. ఆదేశాలు టైపు చేసే నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి, ఆ డ్రైవులోకి వెళ్లి, ఆట్రిబ్ అని కొట్టి, మైనస్ హెచ్, మైనస్ ఎస్, మైనస్ ఆర్ పెట్టి, చివర స్లాష్ ఎస్, స్లాష్ డి చేర్చి ఎంటర్ నొక్కగానే ఒక్కొక్కటే బయటపడ్డాయి. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అదే నడిచే జబ్బును 2011 ఫిబ్రవరిలో వచ్చిన ఒక అప్‌డేట్ ఎక్స్‌పీలో నయం చేసింది కానీ, ఈ షార్ట్‌కట్ పురుగు మన వేలితోనే మన కంట్లో పొడిపిస్తుంది, దానికి ఆ అప్‌డేట్ అడ్డు రాదు. ఫైళ్లు కనిపించాయి కదా అని వదలకుండా, ఆ రాత్రే కాస్పర్‌స్కీ రెస్క్యూ డిస్కుతో కంప్యూటర్‌ను బూట్ చేసి విండోస్ నిద్రలో ఉండగా మొత్తం వెతికించాను. దొంగ ఇంట్లో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లనే అడిగి లాభం లేదు.

అప్పటినుంచి నా దుకాణంలో ఒక పద్ధతి పెట్టాను. ఖాతాదారు తెచ్చిన పెన్‌డ్రైవ్ ముందు విండోస్ 10 మెషిన్‌కే వెళ్తుంది, అక్కడ విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ దాన్ని చూస్తుంది. అక్కడినుంచి కావలసిన ఫొటో మాత్రమే, పక్కన రైట్ ప్రొటెక్ట్ మీట ఉన్న నా సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతుంది. మీట వేశాకే అది ఎక్స్‌పీకి వెళ్తుంది. ఆ మీట వేసి ఉండగా ఏ పురుగూ దానిమీద ఒక్క అక్షరం రాయలేదు. కుర్రవాళ్లు మొదట నవ్వారు. ఇప్పుడు నాకంటే వాళ్లే గట్టిగా పాటిస్తున్నారు.

ఇక ముందు గదిలోని విండోస్ 7. ఏ సైటు తెరిచినా ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటోందనీ, వైరస్ ఎక్కిందేమోననీ భయపడ్డావు. అదే ఉత్తరంలో, మూడు పేరాల కింద, బిల్లుల మీద తేదీ 2009 అని పడుతోందని విడిగా ఫిర్యాదు చేశావు. ఆ రెండూ ఒకే సంగతి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అని దానిమీదే రాసి ఉంటుంది. అది అయిపోతే ప్లగ్గు తీసినప్పుడల్లా గడియారం పుట్టినరోజుకు వెళ్లిపోతుంది. సైటు చూపే భద్రతా పత్రం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని రాసి ఉంటుంది కనుక, 2009లో ఉన్న కంప్యూటర్‌కు అవన్నీ ఇంకా పుట్టని పత్రాలుగానే కనిపిస్తాయి. ప్లగ్గు పూర్తిగా తీసి, పక్కనున్న చిన్న క్లిప్పును స్క్రూడ్రైవర్ మొనతో నెడితే సెల్లు పైకి లేస్తుంది. కొత్తదాన్ని అక్షరాలున్న వైపు పైకి ఉండేలా నొక్కు. ఒక్క జాగ్రత్త. సెల్లు మారిస్తే బయోస్‌లోని, అంటే విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రాంలోని, అమరికలు కూడా మొదటికి వస్తాయి. సాటా మోడ్ అన్న చోట ఐడీఈ ఉందో ఏహెచ్‌సీఐ ఉందో ముందే ఫొటో తీసుకుని, తరువాత అలాగే పెట్టు. అది మారితే విండోస్ నీలి తెర వేసి కూర్చుంటుంది, అప్పుడు నువ్వు నన్నే తిడతావు.

తేదీ సరిచేశాక కూడా కొన్ని సైట్లు అలాగే గొడవ చేస్తే, 2021 సెప్టెంబరు 30న గడువు తీరిన ఒక మూల పత్రం దానికి కారణం కావచ్చు. చాలా సైట్లు దాని నీడలో నడిచేవి. ఫైర్‌ఫాక్స్ తన పత్రాలను తనే వెంట పెట్టుకుంటుంది, విండోస్‌ను అడగదు. విండోస్ 7కు క్రోమ్ 109తో ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్ మాత్రం 115 ఈఎస్ఆర్ పేరుతో ఆ తరువాత కూడా భద్రతా సవరణలు ఇస్తూ వచ్చింది. అందుకే అందులో ఫైర్‌ఫాక్సే వాడు. ఎప్పుడైనా దానిలో విండోస్ 7ను మళ్లీ వేయవలసి వస్తే, సర్వీస్ ప్యాక్ 1 తరువాత కేబీ4490628, కేబీ4474419 అనే రెండు అప్‌డేట్లను ముందు వేయాలి. అప్‌డేట్లు అసలువేనని మైక్రోసాఫ్ట్ సంతకం చేసే పద్ధతి 2019లో మారింది కనుక, అవి లేకపోతే ఆపై అప్‌డేట్లను అది గుర్తించదు. ఇవన్నీ చేసినా ఆ మెషిన్‌కు 2020 జనవరి 14తో మద్దతు ముగిసిన మాట అబద్ధం కాదు. బిల్లులు కొట్టు, ఖాతాదారుకు ప్రూఫు చూపించు, బ్యాంకు పాస్‌వర్డు మాత్రం దానిలో ఎప్పుడూ కొట్టకు. నెమ్మదిగా ఉందన్న బాధకు పాత హార్డ్‌డిస్కు తీసి ఒక 240 జీబీ ఎస్ఎస్‌డీ పెట్టించు. రిజిస్ట్రీ శుభ్రం చేస్తామనీ, డ్రైవర్లు వెతికి పెడతామనీ నెట్‌లో దొరికే సరుకు అంతా శుద్ధ దండగ, అందులో సగం దానికదే రోగం. క్రాక్ చేసిన యాంటీవైరస్ గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. తాళాల మరమ్మతుకు దొంగను పిలవడమే అది.

అమ్మాయి ల్యాప్‌టాప్ గురించి ఎక్కువ రాయవలసింది లేదు. అందులోది ఇంటెల్ ఆరో తరం ఐ3 ప్రాసెసర్ కనుక విండోస్ 11కు అధికారికంగా అర్హత లేదు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు. రుఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో తనిఖీలు దాటించి వేసే దారి ఉంది, మీ కుర్రవాడికి అది తెలిసే ఉంటుంది. కానీ అలా వేసినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు కనుక చదువుకునే పిల్ల మెషిన్‌మీద ఆ ప్రయోగం వద్దు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14న గడువు ముగిసినా, ఇంటి వినియోగదారులకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా సవరణలు ఇచ్చే పథకం పెట్టారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే దానికి డబ్బు కట్టనక్కరలేదు. అప్‌డేట్ పేజీలోనే నమోదు మీట కనిపిస్తుంది. ఆ గడువు తరువాత విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసి ఇద్దాం. పిల్లకు కావలసింది బ్రౌజరు, యూనికోడ్ తెలుగు, వీడియో పాఠాలు. ఆ మూడూ అందులో హాయిగా నడుస్తాయి.

మళ్లీ ఎక్స్‌పీ దగ్గరికే వస్తున్నాను. దాని డిస్కు తిరిగేటప్పుడు సన్నగా టిక్కుటిక్కుమంటోందని చివరి పేజీలో, మరచిపోయి చేర్చినట్లు రాశావు. మొదటి పేజీలో రాయవలసిన సంగతి అది. వైరస్‌ల కంటే నాకు ఆ చప్పుడే భయం. నేను వచ్చే శనివారం ఖమ్మం వస్తున్నాను. ఐడీఈ డిస్కును యూఎస్‌బీకి కలిపే కేబుల్, డిస్కు నకలు తీసే క్లోన్‌జిల్లా పెన్‌డ్రైవ్, ఖాళీ డిస్కు ఒకటి తెస్తాను. డిస్కును మొత్తంగా నకలు తీసి, ఆ నకలును మళ్లీ ఇంకొక చోట దాచి, ఆ తరువాతే మిగతా పని. కుదిరితే ఆ ఎక్స్‌పీని, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లోకి ఎక్కించి, నెట్ లేకుండా ఒక కొత్త మెషిన్ లోపలే నడిపించి చూద్దాం. పేజ్‌మేకర్, అను రెండూ అందులో సరిగా లేస్తే, ఆ పెట్టె ఎప్పుడు కన్నుమూసినా దిగులు ఉండదు. అను సీడీ, పేజ్‌మేకర్ సీడీ, వాటి సీరియల్ నంబర్లు రాసుకున్న మీ నాన్నగారి డైరీ, ఈ మూడూ వెతికి బల్లమీద పెట్టు. డైరీ ఎక్కడుందో ఆయన్నే అడుగు, నువ్వు వెతికితే దొరకదు.

శనివారం దాకా ఆ కంప్యూటర్‌ను ఆన్ చేయవద్దు. అర్జెంటు పని వస్తే ఫైలు పేరు ఫోనులో చెప్పు. పాత శుభలేఖల నమూనాలు నా దగ్గర కూడా ఉన్నాయి, ఇక్కడే చేసి పీడీఎఫ్ పంపుతాను.

నీ
తెనాలి మిత్రుడు